కోడలి వేపపుల్ల

ఆళ్ళగడ్డ మొదలు నంద్యాల దాకా ఏ పశువుల సంతకు పోయినా దళారి మద్దిలేటిని ఎరగని రైతు ఉండేవాడు కాదు. మనిషి పొడగరి కాదు, గొంతూ పెద్దది కాదు. కానీ ఎద్దు ముందు నిలబడి ఎడమచేత్తో మూతి పట్టి, కుడిచేతి బొటనవేలితో కింది పెదవి దించి పళ్ళు చూశాడా, ఇక దాని వయసు గురించి ఆ ఎద్దు సొంతదారు అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేసినా లాభం లేదు.

"నాలుగు పండ్లదంటావేందప్పా! ఎనిమిది పండ్లూ నిండి, కడపండ్లేసి రెండేండ్లు దాటింది దీనికి. నాకా చెప్తాండేది?" అనేవాడు నెమ్మదిగా. అలా నెమ్మదిగా అనడంతోనే అవతలివాడికి చెమటలు పట్టేవి.

బేరమూ అంత నెమ్మదిగానే చేసేవాడు. భుజం మీది తువ్వాలు తీసి అవతలివాడి చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని నొక్కేవాడు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర. చుట్టూ ఎంతమంది మూగినా, ఎంతకు అడిగాడో ఎంతకు తెగిందో మూడో మనిషికి తెలిసేది కాదు. పశువుల సంతల్లో అది పెద్దల నాటి పద్ధతి. మద్దిలేటి తువ్వాలు కింద అబద్ధం ఆడడని పేరు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్దిలేటి ఇల్లు ఆళ్ళగడ్డలో వక్కిలేరు వాగుకు పోయే దారిలో, తూర్పు మొగంగా ఉండేది. ముందు ఎత్తైన బండల అరుగు, వెనక కొట్టం, కొట్టం పక్కన వేపచెట్టు. ఇంట్లో తల్లి ఆదిలక్ష్మమ్మ, భార్య ఓబులమ్మ, పదేళ్ళ కూతురు సుంకులు, పాడికి ఒక ఎనుము, అంటే గేదె. అంతే సంసారం.

ఇంత గొప్పవాడు గదా, మరి ఇంట్లో సంగతేమిటి అంటారా? అదే కదా నేను చెప్పబోయేది! రుద్రవరం నుంచి తోలుకొచ్చిన ఎద్దు ఏ పక్క దవడతో నములుతుందో ఒక్క చూపులో చెప్పే ఈ మహానుభావుడికి, రుద్రవరం నుంచే కట్టుకొచ్చిన పెళ్ళాం ఇన్నేళ్ళుగా ఏ పక్క నములుతోందో తెలియదు. తెలియదంటే బొత్తిగా తెలియదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

ఓబులమ్మ మద్దిలేటికి సొంత మేనమామ కూతురు. అంటే ఆదిలక్ష్మమ్మ ఆమెకు అత్తే కాదు, మేనత్త కూడా. మేనత్తే అత్తయితే కోడలు సుఖపడుతుందని ఊళ్ళో అంటుంటారు. ఆ అనేవాళ్ళను తీసుకొచ్చి ఒక్క వారం ఆ ఇంట్లో పెట్టాలి, తెలిసొస్తుంది. ఆదిలక్ష్మమ్మ చెడ్డదేమీ కాదు, పాపం. కోడలికి జ్వరం వస్తే తెల్లవార్లూ తలాపున కూర్చుని తడిగుడ్డ వేసేది. కానీ ఆ ఇంటికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. వాటిని ఆమె పెట్టలేదు. ఆమె అత్త పెట్టింది, ఆ అత్తకు ఇంకో అత్త పెట్టి ఉంటుంది. అందులో ఒకటి, కోడలు అరుగు మీద కూర్చోకూడదు. ఇంకొకటి, కోడలు నోట్లో వేపపుల్లతో ఎవరి కంటా పడకూడదు.

వేపపుల్ల మగవాళ్ళ సొత్తు. తెల్లారగానే ఆ వీధిలో మగవాళ్ళందరూ ఎవరి అరుగు మీద వాళ్ళు చేరి, ఒక్కో పుల్ల నోట్లో పెట్టుకుని, నములుతూ, రుద్దుతూ, వీధిలోకి ఉమ్ముతూ, ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. వాన రాకడ, పత్తి ధర, కర్నూల్లో మంత్రుల తగవులు, అన్నీ ఆ పుల్ల అరిగేలోపు తేలిపోవాల్సిందే. పొద్దు బారెడు ఎక్కేది. లోపలి నుంచి చెంబుతో నీళ్ళు వచ్చేవి. పుక్కిలించి లేచేవాళ్ళు.

మరి ఆ నీళ్ళు తెచ్చే ఆడవాళ్ళు ఎప్పుడు తోముకుంటారు? ఆ సంగతి ఆలోచించిన మగవాడు ఆ వీధిలో లేడు. ఓబులమ్మ చీకటితో లేచి పొయ్యి ముందు కూర్చునేది. నిన్నటి కచ్చికల బూడిద చిటికెడు తీసుకుని, ఒక చేత్తో పుల్లలు ఎగదోస్తూ ఇంకో చేతి వేలితో పళ్ళ మీద అటొకసారి ఇటొకసారి రాసి, గుక్కెడు నీళ్ళతో పుక్కిలించి ఊసేది. పళ్ళు తోమడం అయిపోయింది. ఆ తర్వాత పేడకళ్ళు, పాలు, చల్ల, జొన్నరొట్టెలు. ఊపిరి పీల్చుకోవడానికి మధ్యాహ్నం అయ్యేది.

సుంకులు పుట్టిన ఏడాదికి ఓబులమ్మకు దవడపన్ను ఒకటి సలపడం మొదలైంది. ఎవరికి చెప్పాలి? సంత నుంచి వచ్చే మొగుడికి చెప్పుకునే జబ్బా అది? అత్తకు చెబితే, "నాకూ సలిపినాయిలే, వాటంతటవే ఊడిపోయినాయి" అంది. అదీ నిజమే. ఆదిలక్ష్మమ్మ నోట్లో నలభై నిండకముందే పళ్ళన్నీ రాలిపోయాయి. ఇప్పుడు ఆకూవక్కా చిన్న రోట్లో దంచుకుని, ఆ ముద్ద చిగుళ్ళ మధ్య పెట్టుకునేది. టక్ టక్ మని ఆ రోటి చప్పుడు ఇంట్లో రోజూ వినిపించేదే.

చివరికి పొరుగింటి ఆవిడ ఎవరో ఓబులమ్మకు ఒక ఉపాయం చెప్పింది. పొగాకు కాల్చి, నూరి, ఆ పొడి పన్ను మీద రాస్తే చిటికెలో నొప్పి పోతుందని. పోయింది కూడా. తిమ్మిరి పట్టినట్టు చల్లబడింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాసింది. పొద్దున రాసేది సాయంత్రానికీ పాకింది. కొన్నాళ్ళకు నొప్పి లేకపోయినా రాయనిదే తల పనిచేయడం మానేసింది. పళ్ళు నల్లబడ్డాయి, చిగుళ్ళు నెత్తురు కారాయి. ఓబులమ్మ నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. మా ఆవిడకు సిగ్గెక్కువ అనుకున్నాడు మద్దిలేటి. చూడండి ఎంత తెలివో!

ఆ సిగ్గు సంగతి తేలింది కూతురి వల్ల. ఒకనాడు మద్దిలేటి నంద్యాల సంత నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఒక ముసలి ఎద్దుకు కొమ్ములు చెక్కి రంగుపూసి పడుచుదని అమ్మజూసిన సంజామల రైతు కథ చెబుతున్నాడు. సుంకులు పకపకా నవ్వింది. నవ్వుతూనే అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంమ్మా, నోరు మూసుకొని నవ్వుతాండావు? పండ్లేమన్నా ఊడినాయా?"

"లేదు నాయనా. ఆడోళ్ళు ఇట్లే నవ్వాల."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పల్యా. అమ్మ ఇట్లే నవ్వుతాది గదా."

మద్దిలేటి కూతురి చేయి తీసి చూశాడు. పిల్ల పళ్ళు పాలకంకుల్లా తెల్లగా ఉన్నాయి. దాచుకోవాల్సిన అవసరం ఏమీ లేదు. అప్పుడు తలెత్తి గడప అవతల నిలబడి ఉన్న ఓబులమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు మూతి మీదే ఉంది. తాను ఆమె పళ్ళు చివరిసారి ఎప్పుడు చూశానా అని గుర్తు చేసుకోబోయాడు. పెళ్ళైన కొత్తలో, రుద్రవరంలో మామ చేనిగట్టు మీద కూర్చుని, పచ్చి చెనిక్కాయలు పళ్ళతో పటపట కొరికి గింజలు తన దోసిట్లో పోస్తూ గలగలా నవ్విన ఓబులమ్మ గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ? ఏమీ గుర్తు రాలేదు.

ఆ పూట అన్నానికి కూర్చున్నప్పుడు ఓరకంట కనిపెట్టాడు. ఓబులమ్మ రొట్టె తుంచి చల్లలో నానేసింది. అది మెత్తబడి ముద్దయ్యేదాకా ఆగి, కుడిపక్కకు తోసుకుని, మెల్లగా మింగింది. ఎన్నో ఏళ్ళుగా అలాగే తింటోంది. ఆమెకు అలా తినడం ఇష్టం కాబోలు అనుకునేవాడు. మేత వదిలేసిన ఎద్దును సంత ఆ చివర నుంచే పసిగట్టే మనిషి! తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎంగిలి చేయి కడుక్కుని కొట్టం దగ్గరికి పోయాడు. ఓబులమ్మ ఎనుముకు కుడితి పెడుతోంది. లోపల ఆదిలక్ష్మమ్మ రోటి చప్పుడు వినిపిస్తోంది.

"మేయ్, నోరు తెరువు. చూస్తా."

"ఏంది బావా, నేనేమన్నా ఎద్దునా?" అని ఓబులమ్మ మొహం తిప్పేసుకుంది.

"నొప్పి ఉందా?"

లోపల రోటి చప్పుడు ఆగింది. అత్త చెవి ఇటే ఉందని ఇద్దరికీ తెలిసింది. మొగుడికి నొప్పి చెప్పుకుంటే గారాలు పోతోందన్న మాట పడాలి. ఆ భయంతో ఓబులమ్మ తొట్టిలో కుడితిని అవసరం లేకపోయినా కలియబెడుతూ నిలబడింది.

మద్దిలేటికి ఏం తోచిందో, భుజం మీది తువ్వాలు తీసి ఆమె తడిచేతి మీద కప్పాడు. దాని కింద తన చేయి పెట్టాడు.

"ఎన్ని?" అన్నాడు, పెదవులు కదిలీ కదలనట్టు.

ఓబులమ్మకు ఆ పద్ధతి తెలుసు. తన నాయన సంతలో అలా చేయడం చిన్నప్పుడు చూసింది. కుడితి కలియబెట్టడం ఆపింది. తర్వాత మొగుడి వేళ్ళు నాలుగు కూడబట్టి నొక్కింది. వదిలింది. కాసేపటికి, ఇంకేం దాచాలన్నట్టు, బొటనవేలు కూడా పట్టుకుని నొక్కింది.

ఆ తువ్వాలు కింద మద్దిలేటి ఎన్ని బేరాలు చేశాడో! ఎప్పుడూ మొహంలో ఒక నరం కూడా కదలనిచ్చేవాడు కాదు. ఆ సాయంత్రం ఆ చేయి వదలలేక, ఎనుము వైపు చూస్తున్నట్టు తల తిప్పుకుని, కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున నంద్యాల ఆసుపత్రికి పోతున్నామని చెప్పేసరికి ఆదిలక్ష్మమ్మ నోరు విప్పింది.

"పండ్లనొప్పికి బస్సెక్కి నంద్యాల పోతారా? ఇదేం చోద్యం రా! నాకు లేవా నొప్పులు? నేను సచ్చినానా? నా తమ్ముడు బంగారమట్ల పిల్లనిచ్చినాడు, ఇన్నేండ్లకు దాని పండ్లు పట్టి చూస్తాండావా?"

"అప్పుడే చూడాల్సింది మా. ఆలస్యమాయ" అన్నాడు మద్దిలేటి.

నంద్యాల ఆసుపత్రిలో లూదియా అని ఒక నర్సమ్మ ఉండేది. మాట దురుసు, చేయి మాత్రం వెన్న. డాక్టరుగారు రెండు పళ్ళు పీకినంతసేపూ ఓబులమ్మ తల తన పొట్టకు ఆనించుకుని పట్టుకుంది. అంతా అయ్యాక దూది కరిపించి, మొగుడూ పెళ్ళాలిద్దరినీ బల్ల మీద కూర్చోబెట్టింది.

"చూడన్నా, పనికిరానివి రెండు తీసేసినారు. ఇంకా మూడు కదుల్తాండాయి. చిగుళ్ళు గట్టిపడితే అవి నిలబడతాయి. ఇట్లే వదిలేస్తే నలభై ఏండ్లు రాకముందే నోట్లో ఒక్కటి మిగల్దు."

నలభై అనగానే మద్దిలేటికి ఇంట్లో రోటి చప్పుడు చెవిలో మోగింది. ఓబులమ్మకూ మోగినట్టుంది. దూది కరిచిన నోటితోనే మొగుడి వైపు బెదురుగా చూసింది.

"మందేమియ్యల్ల తల్లీ?" అన్నాడు.

"మందు కాదు. పొగాకు పొడి ఇంక ముట్టొద్దు, అది మొదలు. అది నొప్పిని నిద్ర పుచ్చుతాది, పన్నును తింటాది. ఈ పుండు మాన్నీ. ఆనక లేత యాపపుల్ల కొన బాగా నమిలి, కుంచె మాదిరి మెత్తగా చేసుకొని, పన్ను పన్నుకూ లోపలా బయటా మెల్లగా తోమల్ల. చిగురును గీరొద్దు. పొద్దునొకసారి, రాత్రి కూడు తిన్నాక ఒకసారి. తిన్నప్పుడల్లా పుక్కిలించల్ల. కచ్చిక బూడిద, ఇటికె పొడి ఇంట్లో ఎవరూ వాడొద్దు. అక్కా, ఇది గబగబా చేసే పని కాదు. నిమ్మళంగా కూర్చొని చేయల్ల."

ఓబులమ్మకు అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. దూది తీసి పక్కన పెట్టి, "పొద్దునపూట నేను యాడ కూర్చుంటా నర్సమ్మా? మా ఇంట్లో కోడలు కూర్చుంటే పొయ్యి కూర్చుంటాది" అంది.

లూదియా ఆమెను కాదు, మద్దిలేటిని చూసింది. "కూర్చునే తీరిక నా సీసాల్లో ల్యాదక్కా. అది మీ ఆయన దగ్గరుంటాది, అడుగు" అంది. అని, ఆ దూది మళ్ళీ కరిపించింది.

మద్దిలేటి నంద్యాల బజారులో పళ్ళపొడి పొట్లం ఒకటి కొన్నాడు. పొగాకు మానేస్తానని బస్సులో ఓబులమ్మ చేత మాట తీసుకున్నాడు. ఆమె అలసిపోయి అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బస్సులో తెలిసినవాళ్ళున్నారు, చూస్తున్నారు. అయినా భుజం కదల్చకుండా ఆళ్ళగడ్డ దాకా కూర్చున్నాడు. పొట్లం కొన్నాను, పని అయిపోయింది అనుకున్నాడు. మగబుద్ధి ఎక్కడికి పోతుంది?

వారం తిరక్కుండా కొలిమిగుండ్ల వైపు సంతలకు పోయి, కొన్నాళ్ళు తిరిగి ఇల్లు చేరాడు. తెల్లవారుజామున దాహమై వంటింట్లోకి పోతే ఓబులమ్మ పొయ్యి ముందు ఉంది. పళ్ళపొడి పొట్లం గూట్లో విప్పకుండానే ఉంది. ఆమె చూపుడువేలు మాత్రం పొగాకు పొడితో నల్లగా ఉంది.

"ఏందీ ఇది? మాటిచ్చినావు గదా! నీ పండ్లన్నీ రాలిపోవల్లనా?" అని మద్దిలేటి అరిచాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆమె మీద అంత గట్టిగా అరవడం అదే మొదలు.

ఓబులమ్మ లేచి నిలబడింది. అత్త వింటుందన్న భయం కూడా ఆ పూట లేకపోయింది.

"ఆ, ఇచ్చినా. మాన్నా కూడా నాలుగు దినాలు. తలకాయ పగిలిపోయింది. పుల్లతో నిమ్మళంగా తోము అంటివి, యాడ తోమల్ల? పొయ్యి కాడనా? ఎనుము పొదుగు కాడనా? నీళ్ళు ఇయ్యడం రవ్వంత ఆలస్యమైతే అరుగు మీద నుంచి నువ్వే గదా కేకేసేది! నీకు పుల్ల నమలను పొద్దు బారెడు ఎక్కినా తీరికే. నాకు నోరు కడుక్కోను తీరిక ల్యా. పొట్లం తెచ్చి గూట్లో పెడితివి. గూట్లో పెడితే పండ్లు తెల్లగయితాయా బావా?"

ఇంత మాట ఆమె ఎన్నడూ అనలేదు. అని, ఏడ్చింది. ఏడుస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం మరచిపోలేదు. అది చూసేసరికి మద్దిలేటి కోపం ఎటు పోయిందో తెలియదు. తిట్టవలసింది ఎవరినో అతనికి అర్థమైంది. పెరటి చెట్టు వైద్యానికి రాదంటారు. చెట్టు తప్పేముంది, దాని దగ్గరికి ఆడమనిషిని పోనిస్తేగా!

మర్నాడు మద్దిలేటి అందరికంటే ముందు లేచాడు. పొయ్యి ముట్టించాడు, ఇల్లంతా పొగ చేశాడు. చెంబు తీసుకుని ఎనుము దగ్గరికి పోయాడు. దేశంలోని గొడ్లన్నింటినీ లొంగదీసిన మొనగాడిని ఇంటి ఎనుము ఒక్క తాపు తన్నింది. పాలు సగమే వచ్చాయి, పంచె మాత్రం పూర్తిగా తడిసింది. ఆ తర్వాత వేపచెట్టు లేతకొమ్మ నుంచి రెండు పుల్లలు విరిచి, కడిగి, అరుగు మీద కూర్చుని పిలిచాడు.

"మేయ్, ఓబులమ్మా! ఇట్ల రా. కూర్చో."

ఓబులమ్మ గడప దాకా వచ్చి ఆగిపోయింది. "వద్దు బావా, నలుగురూ చూస్తారు."

"చూడనీ. నలుగురూ నీకు పండ్లు పెట్టిస్తారా?"

ఆమె వచ్చి అరుగు కొసన, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. వీధిలో పుల్లలు నములుతున్న నోళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎదురింటి గురుస్వామికి మాట ఆగదు.

"ఏందప్పా మద్దిలేటీ, పెండ్లాం పండ్లు చూస్తాండావు? యా సంతకు తోల్తావేంది?"

"తోలేది ల్యా అన్నా, ఇది అమ్మే సరుకు కాదు. నువ్వు మాత్రం మీ ఇంట్లో ఒకసారి చూసుకో, లోపల అందరికీ పండ్లుండాయో ల్యావో" అన్నాడు మద్దిలేటి నెమ్మదిగా. గురుస్వామి ఉమ్మబోయి మింగాడు.

ఆదిలక్ష్మమ్మ మాత్రం ఊరుకోలేదు. గడపలో నిలబడి నెత్తి కొట్టుకుంది.

"కోడలు అరుగెక్కి యాపపుల్ల నములుతాంటే, కొడుకు ఎనుము పిండుతాండాడు! ఈ ఇంటికి ఏం పోగాలం వచ్చింది దేవుడా! కూడు ఎవరు వండుతారు?"

"ఆలస్యంగా వండుకుందాం మా. ఒక గడియ ఆలస్యమైతే ఎవరూ సావరు."

ఆ రోజు ఆదిలక్ష్మమ్మ అన్నం తినలేదు. మర్నాడు తింది గానీ మాట్లాడలేదు. ఓబులమ్మ భయపడి, "వద్దులే బావా, అత్త బాధపడతాండాది" అంది. "నీ పండ్లు నిలబడేదాకా నేను లేవను, నువ్వు లేవగూడదు" అన్నాడు. పొగాకు గుర్తొచ్చి ఆమె తల పట్టుకున్నప్పుడల్లా ఒక లవంగం చేతిలో పెట్టేవాడు. రాత్రి తిన్నాక ఉప్పునీళ్ళు తానే కాచి ఇచ్చేవాడు. సంతకు పోవాల్సి వస్తే ఎనుము పని చీకటితోనే ముగించి, ఆమె పళ్ళు తోముకోవడం అయ్యాకే బయల్దేరేవాడు. పొద్దున అరుగు మీద ఇప్పుడు సుంకులు కూడా చేరింది. నాయన చెప్పినట్టు లోపలా బయటా తోమి, నోరు తెరిచి తల్లికీ తండ్రికీ చూపించేది.

వానలు వచ్చాయి, పోయాయి. చిగుళ్ళ నెత్తురు ఆగింది. కదిలే పళ్ళలో ఒకటి మాత్రం మాట వినలేదు, ఊడింది. మిగతా రెండూ పట్టుకున్నాయి. ఒక సాయంత్రం మద్దిలేటి తువ్వాలులో పచ్చి చెనిక్కాయలు మూటగట్టి తెచ్చాడు. ఓబులమ్మ ఒకటి తీసి, భయం భయంగా ముందుపళ్ళ మధ్య పెట్టి కొరికింది. పట్ మంది. సుంకులు చప్పట్లు కొట్టింది. ఓబులమ్మ నవ్వింది. కొంగు దాని దారిన అది భుజం మీదే ఉండిపోయింది. పాత నల్లమరకలు పూర్తిగా పోలేదు, పక్కన సందులు కనిపించాయి. మద్దిలేటికి ఆ నవ్వు చేనిగట్టు మీద చూసిన నవ్వు కంటే కూడా బాగుంది. ఆ మాట పైకే అన్నాడు.

గోడకు ఆనుకుని ఆకు దంచుకుంటున్న ఆదిలక్ష్మమ్మ అదంతా చూసింది. దంచడం ఆపింది. ఒక చెనిక్కాయ తీసుకుని వేళ్ళ మధ్య కాసేపు తిప్పి, మళ్ళీ మూటలోనే వేసేసింది.

రెండు మూడు రోజులకు, తెల్లవారుతుండగా, మద్దిలేటి వేపపుల్లలు విరుచుకుని అరుగు మీదికి వచ్చేసరికి అతని చోట్లో తల్లి కూర్చుని ఉంది. తగువుకే వచ్చిందనుకున్నాడు. ఆమె చేయి చాచింది.

"నాకూ ఒకటియ్యి రా."

మద్దిలేటి తెల్లబోయాడు. "నీకు పండ్లు యాడుండాయి మా?"

"ల్యావని నాకు తెల్దా? ఊరికే పట్టుకొని కూర్చుంటా. నీకేం నష్టం?" అని కసిరింది. కాసేపటికి గొంతు తగ్గింది. "మీ నాయన రోజూ ఈడ్నే కూర్చొని తోముకునేవాడు. లోపల పొయ్యి కాడ నేను ఆయన ఉమ్మే సప్పుడు వినేదాన్ని. నేనీ ఇంటికొచ్చి యాభై ఏండ్లాయ నాయనా. ఈ అరుగు మీద నుంచి చూస్తే పొద్దు యా మూల పుడతాదో నాకు తెల్దు."

మద్దిలేటి పుల్లలు అరుగు మీద పెట్టాడు. లోపలికి పోయి, తల్లి ఆకు దంచుకునే రోలు తెచ్చి, ఒక పుల్ల కొనను అందులో పెట్టి మెత్తగా, పీచు పీచుగా అయ్యేదాకా దంచాడు. కడిగి ఆమె చేతిలో పెట్టాడు. ఆదిలక్ష్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, చిగుళ్ళ మీద మెల్లగా రుద్దుకుంది. చేదుకు మొహం చిట్లించింది గానీ పుల్ల తీయలేదు.

అప్పుడే గడపలోకి వచ్చిన ఓబులమ్మ, అరుగు మీద అత్తను చూసి చప్పున వెనక్కు తగ్గింది.

"యాడికి పోతావు? రా, కూర్చో" అని ఆదిలక్ష్మమ్మ జరిగి, తన పక్కన బండను అరచేత్తో తుడిచింది. "అట్ల కొసన కాదే. ఈడ, నా పక్కన."

నల్లమల మీద పొద్దు పొడిచింది. ఆ రోజు రొట్టెలు బాగా ఆలస్యమయ్యాయి. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.